చేప కోసం కొన్న బట్టల తాడు

మా ఇంటి వెనక బట్టలారేసే తాడును చూసినవాళ్ళెవరూ ఊరికే పోరు. ఒకసారి చేత్తో లాగి చూస్తారు. అగ్గిపుల్ల మందాన మెరిసే నైలాన్ తీగ అది. తడి దుప్పట్లు వరసగా వేసినా కిందికి వంగదు. బచ్చన్నపేట ఎండలకు కాస్త పసుపు తిరిగింది గానీ తెగలేదు. "ఏడ కొన్నవక్కా గీ తాడు?" అని పక్కింటి ఆడవాళ్ళు మా ఇంటామెను అడుగుతారు. "గది బట్టల తాడు గాదు. మా ఆయన సముద్రంల చేపలు పట్టనీకి కొన్నడు" అని ఆమె తాపీగా చెప్తుంది. ఆ తర్వాత వాళ్ళు నా వైపు చూసే చూపు నాకు అలవాటైపోయింది.

నేను రిగ్గర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ పనేమిటో తెలియని పిల్లల కోసం రెండు మాటలు చెప్తాను. పెద్ద పెద్ద మోటార్లు, పైపులు, బాయిలర్ ముక్కలు క్రేన్‌తో లేపాలంటే వాటికి ఏ తాడు కట్టాలి, ఎక్కడ కట్టాలి, ముడి ఎట్లా వేయాలి అని చూసేవాడే రిగ్గర్. చెల్పూరు దిక్కు మా వర్క్‌షాపు ఉండేది. ఎక్కడ బరువు లేపాల్సి వచ్చినా మా గ్యాంగు పోయేది. తాళ్ళు పరీక్షించి "ఇది పనికొస్తుంది, ఇది రాదు" అని చెప్పే పని నాది. నేను వద్దన్న తాడును ఇంజనీర్లు కూడా ముట్టుకునేవాళ్ళు కాదు. ఆ గర్వం నాకు నెత్తికెక్కిందని ఇప్పుడు తెలుస్తున్నది గానీ, అప్పుడు అది అనుభవం అనుకున్నాను.

నాకు పని నేర్పింది మా ఉస్తాద్. మహబూబాబాద్ పక్కన తండా ఆయనది. ఇంట్లో లంబాడీ మాట్లాడేవాడు, మాతో తెలుగు మాట్లాడేవాడు, క్రేన్‌తో మాత్రం చేతులతో మాట్లాడేవాడు. చూపుడు వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే లేపమని, కిందికి చూపిస్తూ తిప్పితే దించమని, చెయ్యి అడ్డంగా చాపితే ఆపమని. పైన క్యాబిన్‌లో కూర్చున్న భూపాలపల్లి ఆపరేటర్ ఆ వేలు తప్ప లోకంలో ఇంకేమీ చూడకూడదు. ఆపరేటర్ వయసులో చిన్నవాడే అయినా మహా వాగుడుకాయ. అయితే ఉస్తాద్ వేలు లేచిందంటే మాత్రం వాడి నోరు మూతపడేది.

కొత్తవాడు ఎవడు చేరినా ఉస్తాద్ మొదటిరోజు ఒకటే పాఠం చెప్పేవాడు.

"బరువు లేసేటప్పుడు ఒక్కడే చెప్పాలె. మిగిలినోళ్ళు నోరు మూసుకోవాలె. గని తమ్మీ, 'ఆపు' అనే ఒక్క మాట మాత్రం ఎవ్వలైనా అనొచ్చు. ఊడ్సేటామె గూడ అనొచ్చు. తప్పు కనబడ్డంక గమ్మునున్నోడు నా గ్యాంగుల ఉండొద్దు."

ఈ పాఠాన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో నా ముఖం మీదికే వచ్చింది.

మా గ్యాంగులో ఒక ఆచారం ఉండేది. రిటైరయ్యేవాడు అందరికీ దావత్ ఇస్తాడు. అందులో వింతేమీ లేదు, కానీ మా దగ్గర దావత్‌లో ప్రధానమైన వంటకం ఆయన సొంతంగా సంపాదించి తెచ్చిందై ఉండాలి, ఆయన చేత్తోనే వండాలి. వండేటప్పుడు రుచి చూడకూడదు, గ్యాంగు తిన్నాకే ఆయన తినాలి. ఒకాయన తను పెంచిన మేకపోతును కోశాడు. ఒకాయన తన చేన్లో కందులతో పప్పు చేశాడు, అది మేకపోతు కంటే బాగుంది. ఉస్తాద్ వంతు వచ్చేసరికి అందరం చెరువు చేపే అనుకున్నాం. చిన్నప్పటి నుంచీ ఆయనకు గాలం అంటే ప్రాణం. సెలవు దొరికితే వెదురు కర్ర పట్టుకొని ఏదో ఒక చెరువు కట్ట మీద ఉండేవాడు.

ఆ ఏడే మా కంపెనీ ఆటల పోటీలు సముద్రం ఒడ్డు బ్రాంచిలో పెట్టారు. కబడ్డీలో ప్రతిసారీ మేము గెలుస్తున్నామని వాళ్ళు తెలివిగా గాలం పోటీ ఒకటి కొత్తగా చేర్చారు. ఆ కబురు రాగానే ఉస్తాద్ కళ్ళు వెలిగాయి.

"నా దావత్‌ల సముద్రం చేప పులుసు. నేనే పడత, నేనే వండుత" అన్నాడు.

ఆపరేటర్ గాడు ఊరుకుంటాడా? ఆ మాటను ఫోన్లో రికార్డు చేసి గ్యాంగు గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి తండా మొత్తానికి తెలిసిపోయింది. ఇక ఉస్తాద్ వెనక్కి తగ్గే దారి లేదు. చేప లేకుండా వచ్చాడంటే అన్నేళ్ళ ఉద్యోగం తర్వాత జనం గుర్తుపెట్టుకునేది ఆయన లేపిన బరువులను కాదు, తేలేని చేపను.

బయల్దేరే ముందు ఉస్తాద్ ఇంటికి పోతే ఆయన భార్య మాకు చాయ్ ఇచ్చి ఒక అనుమానం అడిగింది.

"ఏమయ్యా, చేప ఉప్పు నీళ్ళల్లనే పుట్టి పెరుగుతది గదా. దాన్ని వండితే మళ్ళ ఉప్పెందుకు?"

ఉస్తాద్ కాసేపు ఆలోచించాడు. నా వైపు చూశాడు. నేను బరువు గురించి ఆలోచించేటప్పుడు పెట్టే ముఖమే పెట్టి "అవసరం పడకపోవచ్చు ఉస్తాద్" అన్నాను. అక్కడితో ఆ విషయం తేలిపోయింది. కోట్ల విలువైన యంత్రాలను గాలిలో వేలాడదీసే మనుషులం మేమిద్దరం.

సముద్రం ఒడ్డు ఊళ్ళో దిగగానే దారం చుట్టే రీలున్న కర్ర ఒకటి అక్కడి బ్రాంచి వాళ్ళు ఇచ్చారు. తాడు కొనే బాధ్యత మాత్రం నాకు అప్పజెప్పాడు ఉస్తాద్. "తాడు సంగతి నీకిడిసిపెట్టిన తమ్మీ. నువ్వు సరే అన్న తాడు తెగి ఎన్నడూ బరువు కింద పడలే" అన్నాడు. ఆ మాటకు నా ఛాతీ ఉబ్బింది.

గాలాల దుకాణంలో రకరకాల తీగలు వేలాడుతున్నాయి. దుకాణం ఆయన కళ్ళజోడు సర్దుకొని, కుట్టుదారం లాంటి సన్నని అల్లిక దారం ఒకటి ముందు పెట్టాడు.

"దీన్ని రీలుకి చుట్టుకోండి. చివర మాత్రం రెండు బారల నైలాన్ తీగ ముడేసుకోండి, రాళ్ళ దగ్గర గాలం ఆడతారు కాబట్టి. ఇదిగోండి, ఈ ముక్క ఊరికే ఇస్తున్నాను" అని ఒక మోస్తరు మందం తీగ చుట్ట కూడా ఇచ్చాడు.

ఆ చుట్టను జేబులో వేసుకొని సన్నదారాన్ని వేలితో మీటి చూశాను. నవ్వొచ్చింది. "అన్నా, మా దిక్కు పోరగాండ్లు గిసొంటి దారంతోని పతంగి ఎగిరేస్తరు. మేం సముద్రానికి వచ్చినం" అన్నాను.

మా పనిలో ఒక లెక్క ఉంది. లేపే బరువుకు అయిదారింతలు తట్టుకునే తాడు వాడాలి. అదే లెక్క ఇక్కడా వేశాను. పెద్ద చేప పడిందనుకుందాం. దానికి ఆరింతలు. అది గింజుకుంటుంది కాబట్టి దానికి రెట్టింపు. ముడి దగ్గర తాడు బలం తగ్గుతుంది కాబట్టి ఇంకొంచెం. అలలకు కొంచెం. ఉస్తాద్ పరువుకు మరికొంచెం. లెక్క పూర్తయ్యేసరికి ఏ తీగా నా కంటికి ఆనలేదు. చివరికి దుకాణం ఆయన లోపలి గదిలోకి పోయి దుమ్ము పట్టిన ఒక పెద్ద చుట్ట దొర్లించుకొచ్చాడు.

"ఇది సొరచేపలకి, నడిసముద్రంలో పడవ మీద నుంచి వేసేది. ఒడ్డు నుంచి దీన్ని విసరలేరండీ. మీకెందుకండీ ఇది?"

"గిదే గావాలె" అన్నాను.

లాడ్జీకి తెచ్చి పద్ధతి ప్రకారం పరీక్ష కూడా చేశాను. వరండా దూలానికి తీగ కట్టి, ఆపరేటర్ నడుముకు పట్టీ వేసి వేలాడదీశాను. వాడు కాళ్ళు ఊపుకుంటూ గాలిలో తిరుగుతుంటే లాడ్జీ మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. తీగ చెక్కుచెదరలేదు. ఉస్తాద్ వేలితో దాన్ని మీటి "శాబాష్" అన్నాడు. మేనేజర్ అట్లా అనలేదు.

మర్నాడు పోటీ. సముద్రంలోకి పొడుచుకుపోయిన రాళ్ళ గట్టు మీద జట్లన్నీ నిలబడ్డాయి. నా తీగ రీలుకు కొన్ని చుట్లు తిరగగానే రీలు నిండిపోయింది. మిగతాది కింద కుప్ప పోశాను. ఉస్తాద్ కర్ర వెనక్కి వంచి బలమంతా పెట్టి విసిరాడు. చుట్ట చుట్టిన అలవాటు పోని ఆ తీగ గాలిలోనే మళ్ళీ చుట్టుకొని, గాలంతో సహా వచ్చి ఆయన కాళ్ళ దగ్గరే పడింది. రెండోసారి విసిరితే ఆపరేటర్ టోపీ ఎగిరిపోయింది. ఎట్లాగో తిప్పలుపడి నీళ్ళలోకి దించితే, అల వచ్చి అంత మందం తీగను నెట్టుకుంటూ మళ్ళీ మా రాళ్ళ మీదికే తెచ్చిపెట్టింది. దాని చివర చేప ముట్టినా ముట్టకున్నా మాకు తెలిసే మార్గం లేదు.

పక్కనున్న ఒడ్డు బ్రాంచి ఫోర్‌మన్ తన చేపలు తను లాక్కుంటూనే మమ్మల్ని చూసి మురిసిపోయాడు.

"ఏవండీ, చేపని పడతారా, ఓడని కట్టేస్తారా?" అన్నాడు. కాసేపాగి మా యాస అనుకరిస్తూ, "గట్ల గాదు అన్నా, గిట్ల" అని విసిరి చూపించాడు. ఆపరేటర్‌కు ఒళ్ళు మండింది. నాకూ మండింది గానీ, నేను కొన్న తీగ చిక్కులే విప్పుకుంటూ కూర్చున్నాను.

పోటీ ముగిసింది. అన్ని జట్ల బుట్టల్లో ఎంతో కొంత ఉంది. మా బుట్టలో ఆపరేటర్ తడిసిన టోపీ ఉంది.

సాయంత్రం ఉస్తాద్ లాడ్జీ మెట్ల మీద కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. "మధ్యాహ్నం బస్సుకు పోవాలె గదా రేపు" అని మాత్రం అన్నాడు. అన్నేళ్ళు నేను బాగుందన్న తాడు కింద భయం లేకుండా నిలబడిన మనిషి, రేపు ఖాళీ చేతులతో తండాకు పోవాలంటే అది నా వల్లే. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఆపరేటర్ ఉపాయం చెప్పాడు. "ఉస్తాద్, పరేషాన్ గాకు. మార్కెట్ల మంచి చేప కొందాం. దాని నోట్లె గాలం గుచ్చి సముద్రంల దించుదాం. నువ్వు గుంజు, నేను వీడియో తీస్త. పట్టినట్టే గదా!"

ఉస్తాద్ దాన్ని కొట్టిపారేయలేదు. చాలాసేపు గంభీరంగా ఆలోచించాడు. ఆయన ఒప్పుకుంటాడేమోనని నాకు భయమేసింది.

"లేదు తమ్మీ" అన్నాడు చివరికి. "సచ్చిన చేపను గుంజుడు లిఫ్టింగు అయితది గని, పట్టుడు గాదు."

నేను లేచి దుకాణానికి పోయాను. దుకాణం ఆయన మూసే హడావుడిలో ఉన్నాడు. నన్ను చూసి ఏమీ అడక్కుండా నిన్నటి సన్నదారం తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. అప్పుడు నాకు తల వంచుకొని వినే బుద్ధి వచ్చింది. ఆయన చెప్పింది ఇది: చేపను బరువులాగా నిలువునా పైకి లేపేది లేదు. కర్ర వంగుతుంది, చేప లాగితే రీలు జారిస్తుంది, ఆ రెండూ దాన్ని అలిసిపోయేలా చేస్తాయి. దారం సన్నగా ఉంటేనే దూరం పోతుంది, అల దాన్ని పట్టుకోదు. కానీ సన్నదారం రాయికి తగిలితే తెగుతుంది, అందుకే చివర రెండు బారలు నైలాన్.

"ఉప్పునీళ్ళలో గాలం ఆడాక రీలునీ దారాన్నీ మంచినీళ్ళతో కడగడం మరిచిపోకండి" అన్నాడు. ఉప్పు గురించి అంత తెలిసిన మనిషిని ఆ ఇంకో అనుమానం కూడా అడిగి ఉంటే ఎంత బాగుండేది!

తెల్లవారగానే ముగ్గురం మళ్ళీ రాళ్ళ గట్టు మీదికి పోయాం. ఉస్తాద్ విసిరితే సన్నదారం రయ్యిమని దూరంగా పోయింది. ఆయన ముఖంలో నవ్వు చూసి నేను సంబరపడుతుండగానే కర్ర వంగింది. చేప! పెద్దదే! అది రాళ్ళ సందులోకి దూరింది, ఉస్తాద్ ఒక్క గుంజు గుంజాడు, దారం టప్పున తెగింది. చివర్లో నైలాన్ ముక్క కట్టాలని రాత్రి విన్నాను. తెల్లారేసరికి పతంగి దారం ఎంత దూరం పోతుందో చూడాలన్న తొందరలో కట్టలేదు. చిత్రమేమిటంటే ఆ ముక్క మొదటిరోజు నుంచీ నా జేబులోనే ఉంది.

ఉస్తాద్ నా వైపు చూశాడు. "తమ్మీ, జర నీ పని నువ్వు చెయ్యి" అన్నాడు.

రాయి మీద కూర్చున్నాను. సన్నదారాన్నీ మోస్తరు తీగనూ కలిపి ముడి వేయడం మొదలుపెట్టాను. నైలాన్ జారే రకం, పొడిగా బిగిస్తే వేడెక్కి కాలుతుంది. ఉమ్మితో తడిపి, చుట్టు పక్కన చుట్టు పేర్చి, మెల్లగా బిగించాను. తాడు లెక్క తెలియకపోయినా ముడి మాత్రం నా చేతులకు తెలుసు. ఉస్తాద్ వంగి, వర్క్‌షాపులో చూసినట్టే ముడిని రెండు వైపులా తిప్పి చూసి, గోటితో నొక్కి, తలూపాడు. బస్సుకు ఇంకా టైముంది గానీ, ఒడ్డు బ్రాంచి ఫోర్‌మన్ మమ్మల్ని తీసుకుపోవడానికి జీపు తెచ్చి అప్పుడే హారన్ కొడుతున్నాడు.

ఈసారి కర్ర వంగగానే మేమంతా ఒక్కసారే అరిచాం. నేను "గుంజు" అన్నాను. ఆపరేటర్ "ఇడువు, ఇడువు" అన్నాడు. ఫోర్‌మన్ జీపు దిగి "పక్కకి తిప్పండి" అని కేకేశాడు. ఉస్తాద్ బొమ్మలాగా నిలబడిపోయాడు. ఆయన జన్మలో బరువు మీద మూడు గొంతులు వినలేదు. రీలు తిప్పడు, వదలడు. దారం రాళ్ళ వైపు పోతున్నది.

"ఒక్కడే చెప్పాలె!" అని అరిచాడు చివరికి. "ఎవడో ఒక్కడే!"

ఆపరేటర్ చటుక్కున నీళ్ళ దగ్గరి రాయి మీదికి దూకాడు. వాడికి అక్కడి నుంచి చేప కనబడుతున్నది. నోరు మూసుకొని, చూపుడు వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాడు. ఉస్తాద్ రీలు తిప్పాడు. వాడు చెయ్యి అడ్డంగా చాపాడు. ఉస్తాద్ ఆగాడు. ఇన్నేళ్ళూ ఉస్తాద్ వేలు చూసి క్రేన్ నడిపినవాడు ఇప్పుడు ఉస్తాద్‌ను నడుపుతున్నాడు. వాడి ముఖంలో ఎంత గాంభీర్యం ఉందంటే బాయిలర్ దించేటప్పుడు కూడా నేనట్లా చూడలేదు. ఫోర్‌మన్ కూడా మాట ఆపేసి నోరు తెరుచుకొని చూస్తున్నాడు.

చేప రాయి మీదికి వచ్చింది. ఉస్తాద్ "యాడీ!" అని వాళ్ళ భాషలో అమ్మను తలుచుకొని, కర్ర పారేసి, రెండు చేతులతో దాన్ని అదిమి పట్టుకున్నాడు. చేతులు తీస్తే గానీ చేప కనబడలేదు. జానెడు ఉంటుందేమో.

"పార చేపండీ అది, పిల్ల పార" అన్నాడు ఫోర్‌మన్. నవ్వబోయి, ఉస్తాద్ కళ్ళల్లో నీళ్ళు చూసి మానుకున్నాడు. జీపులోంచి తన ఐసు డబ్బా తెచ్చి ఇచ్చాడు. "మా చేపలు కూడా నాలుగు వెయ్యనా? మీ వాళ్ళందరికీ సరిపోవు కదా" అన్నాడు.

"వద్దన్నా. గిది ఒక్కటే" అన్నాడు ఉస్తాద్.

దావత్ తండాలో వాళ్ళ ఇంటి ముందు జరిగింది. మా గ్యాంగు మొత్తం వచ్చింది, పెళ్ళాం పిల్లలతో సహా. పెద్ద డేగిసాలో చింతపండు పులుసు కుతకుతలాడుతున్నది. జానెడు చేప అందులో ఎప్పుడో కరిగిపోయింది. ఉస్తాద్ తెల్ల చొక్కా వేసుకొని, గరిటె పట్టుకొని, ఒక్కొక్కరికీ తనే వడ్డించాడు. రుచి చూడలేదు, ఆచారం కదా. మా ఆపరేటర్ తన గిన్నెలో ముల్లు ఒకటి వచ్చిందని అందరికీ ఎత్తి చూపించి గొప్పలు పోయాడు.

నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

పులుసు పుల్లగా ఉంది, కారంగా ఉంది, ఇంకేమీ లేదు. ఉప్పు రవ్వంత కూడా లేదు. తలెత్తి చూశాను. అందరి దవడలూ ఒక్క క్షణం ఆగాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉస్తాద్ గరిటెతో నిలబడి చిన్నపిల్లాడిలాగా మా ముఖాలే చూస్తున్నాడు.

"ఎట్లుంది?" అన్నాడు.

"మస్తుంది ఉస్తాద్" అన్నాను.

"సముద్రం రుచి గొడుతున్నది" అన్నాడు ఆపరేటర్.

అందరం తిన్నాం. మళ్ళీ పెట్టించుకున్నాం కూడా. ఆపరేటర్ మూడుసార్లు పెట్టించుకున్నాడు, వాడి జన్మలో అంత మర్యాద నేనెప్పుడూ చూడలేదు. డేగిసా అడుగు కనబడ్డాక ఉస్తాద్ చివరి గరిటె తన పళ్ళెంలో వేసుకొని మా మధ్య కూర్చున్నాడు. ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. మా అందరినీ ఒక్కొక్కరినే చూస్తూ వచ్చి, నా దగ్గర ఆగాడు.

నేను తల వంచి నా పళ్ళెం తుడుచుకోవడం మొదలుపెట్టాను.

ఆయన ముద్ద మింగి, ఎంగిలి చెయ్యి మెల్లగా అడ్డంగా చాపాడు. ఆపమనే సైగ అది.

"ఇన్నేండ్లు నేర్పిన" అన్నాడు నవ్వుతూ. "ఇంత మందిల ఒక్కడన్న అన్నడా, 'ఆపు' అని?"